డిస్టోపియా నవల ఎట్ల ఎంచుకోవాలి, ఎట్ల చదవాలి: ముందు వాళ్ళు ఏం తింటున్నారో చూడండి

ఇది ఎవరికంటే, హంగర్ గేమ్స్ సినిమా చూసి బుక్ కూడా చదవాలనుకుని యాడ స్టార్ట్ చేయాలో తెలీక ఆగిపోయినోళ్ళకి, ఇంకా ఎవరో ఫ్రెండు ఒక లావుపాటి బుక్కు చేతిలో పెట్టి సూపరుంటాది చదువు అంటే 40 పేజీల దగ్గర నిద్రపోయినోళ్ళకి. నేను కర్నూల్లో ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. తొమ్మిదో క్లాస్ నుంచి ఇప్పటిదాకా ఈ టైపు నవలలు ఒక 18 చదివినా, అందులో 6 బాగుంటాయి, 4 పర్లేదు, మిగతా 8 ఏంటికి చదివినానో నాకే తెలీదు. ఆ 8 బుక్కుల టైము మీకన్నా మిగలాలని రాస్తున్నా, అంతే తప్ప నేనేం పెద్ద క్రిటిక్‌ని కాదు.

డిస్టోపియా అంటే ఏందో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. 1516లో థామస్ మోర్ అనే ఆయన యుటోపియా అని ఒక బుక్కు రాసినాడు, యాడా లేని చోటు అని అర్థం, అంతా బాగుండే దేశం. దానికి ఆపోజిట్, అంతా చెడిపోయిన దేశం, డిస్టోపియా. మన టీనేజ్ నవలల్లో అయితే ఆ చెడిపోయిన దేశంలో 16 ఏళ్ళ పిల్లో పిల్లోడో ఉంటారు, ఒక ఘోరమైన రూలు ఉంటాది, ఆ రూలు వీళ్ళ మీద పడతాది, వీళ్ళు ఎదురు తిరుగుతారు. 18 బుక్కుల్లో 15కి కథ ఇదే. కాబట్టి కథ చూసి బుక్కు ఎంచుకుంటే లాభం లేదు, వెనక అట్ట మీద రాసింది చదివితే అన్నీ ఒకేలాగుంటాయి.

మరి ఏం చూసి ఎంచుకోవాల? ఇది నేను కనిపెట్టింది కాదు, మా జేజి కనిపెట్టింది. పోయిన ఎండాకాలం కరెంటు పోయింది, మిద్దె మీద చాప వేసుకుని పడుకున్నాం, నిద్ర రాక జేజికి హంగర్ గేమ్స్ కథ చెప్తాన్నా. ఒక దేశం ఉంది జేజీ, 12 జిల్లాలు, ప్రతి జిల్లా నుంచి ఒక మగపిల్లోడిని ఒక ఆడపిల్లని లాటరీ తీసి అడవిలోకి తోలతారు, 24 మందీ ఒకర్నొకరు చంపుకోవాల, ఒక్కరే మిగలాల, అది టీవీలో చూపిస్తారు అని. నేను అనుకున్నా ఆమె అయ్యో పాపం అంటాదని. ఆమె చాలాసేపు ఏం మాట్లాడకుండా ఉండి "అది సరే పాపా, ఆ పిల్ల ఇంట్లో ఏం తింటారు?" అనింది.

నేను నవ్వినా మొదట. తర్వాత చెప్పడం మొదలుపెడితే అరగంట అదే చెప్పినా, ఎందుకంటే ఆ బుక్కులో దానికి జవాబు దండిగా ఉండాది. అడవిలోకి దొంగతనంగా పోయి ఉడతల్ని కొట్టుకొస్తాది, మేక పాలు, చెల్లెలు చేసే జున్ను లాంటిది, నీళ్ళల్లో పెరిగే ఒక దుంప, ఆ దుంప పేరే ఆ పిల్లకి పెట్టినారు వాళ్ళ నాన్న. జేజి అన్నీ విని "మంచి కథే" అనింది. తర్వాత వారం ఇంకో బుక్కు కథ చెప్తే మళ్ళీ అదే క్వశ్చన్, ఏం తింటారు. ఆలోచించినా, నాకు గుర్తు రాలేదు. బుక్కు తీసి వెతికినా, లేదు. 350 పేజీల్లో ఎవరూ సరిగా అన్నం తిన్నట్టే లేదు, కానీ హీరో కళ్ళ రంగు మాత్రం 11 సార్లు ఉండాది, నేను లెక్కపెట్టినా.

అప్పట్నుంచి నా పరీక్ష ఇదే. బుక్కు చేతికి రాగానే మొదటి 50 పేజీల్లో మూడు చూడండి: వాళ్ళు ఏం తింటున్నారు, అది యాడ్నుంచి వస్తాంది, ఎవరు తక్కువ తింటున్నారు. ఈ మూడిటికీ జవాబు దొరికితే రాసినామె ఆ దేశం గురించి నిజంగా ఆలోచించిందని అర్థం, చదవండి. దొరక్కపోతే ఆ రూలు ఉత్త హీరోయిన్‌ని స్పెషల్ చేయడానికి పెట్టిన రూలు, పక్కన పెట్టేయొచ్చు. కొన్ని బుక్కులకి ఈ పరీక్ష సరిపోదు, అది తర్వాత చెప్తా.

హంగర్ గేమ్స్‌కి ఈ పరీక్ష ఎట్ల పెట్టాలో ఒకసారి పూర్తిగా చేసి చూపిస్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే లెక్క చదవకుండా పేజీ తిప్పేస్తారు. లాటరీలో పేరు 12 ఏళ్ళకి ఒక చీటీ, 13కి రెండు, అట్ల 18 ఏళ్ళకి 7 చీటీలు. ఇది అందరికీ. కానీ ఇంట్లో తిండి లేకపోతే టెసెరా అని ఒకటి తీసుకోవచ్చు, అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపోయేంత, సరిపోయేంత అంటే అరకొరగా, గింజలు, నూనె ఇస్తారు, దానికి బదులు నీ పేరు మీద ఇంకో చీటీ వేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవచ్చు, ప్రతి ఏడాదీ తీసుకోవచ్చు, ఏ ఏడాది చీటీ తర్వాత ఏడాది పోదు, కూడుతా పోతుంది. ఇప్పుడు పెన్ను తీసుకోండి. హీరోయిన్ కాట్నిస్‌కి 16 ఏళ్ళు, మామూలు చీటీలు 5. ఇంట్లో ముగ్గురు, అమ్మ, చెల్లెలు, తను. 12 నుంచి 16 దాకా 5 సార్లు, 3 ఇంటూ 5, 15. మొత్తం 20. ఆమె ఫ్రెండు గేల్‌కి 18, మామూలువి 7, ఇంట్లో 5 మంది, 7 సార్లు, 35, మొత్తం 42. ఊరి మేయర్ కూతురికి తిండికి లోటు లేదు కాబట్టి ఆ పిల్ల పేరు మీద ఉత్త మామూలు చీటీలే. చూసినారా, లాటరీ అంటే అందరికీ సమానం అన్నట్టే ఉంటాది, కానీ ఆకలి ఉన్నోడి పేరే డబ్బాలో ఎక్కువ. దీన్ని రైటర్ ఎక్కడా స్పీచ్ ఇవ్వలేదు, లెక్క ఇచ్చి ఊరుకునింది. సూజన్ కాలిన్స్ ఇది 2008లో రాసింది, టీవీలో ఒక చానల్లో రియాలిటీ షో, ఇంకో చానల్లో యుద్ధం వార్తలు మార్చి మార్చి చూస్తుంటే ఈ ఐడియా వచ్చిందని ఆమే చెప్పింది.

ఈ లెక్క జేజికి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు, నాకు అదే ఆశ్చర్యం. వాళ్ళమ్మ 1952 కరువులో గంజి కేంద్రం దగ్గర ముంత పట్టుకుని లైన్లో నిలబడిందంట, ముందు నిలబడినోళ్ళకి చిక్కగా, వెనకోళ్ళకి నీళ్ళే అంట, అందుకని తెల్లారుజామునే పోయేదంట. ఇంకా వెనక్కి పోతే 1876లో ధాతు కరువు, మన సీమలో జనాలు లెక్క లేకుండా పోయింది అప్పుడే. మా హిస్టరీ సార్ చెప్పినాడు, 1877లో కరువు పనికి పోయిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలీ అని తెల్లదొర ఒకాయన లెక్క కట్టినాడు, రిచర్డ్ టెంపుల్ అని. పౌను అంటే అరకేజీ కూడా కాదు, అది తిని రాళ్ళు కొట్టాల. ఈ బుక్కులు అమెరికాలో రాసినారు, అక్కడి పిల్లలకి ఇది ఊహించుకున్న కథ, మనకి మిద్దె మీద జేజి పక్కన పడుకుంటే వినబడేది. అందుకే సీమ పిల్లలకి ఈ నవలలు ఇంకా బాగా అర్థమవుతాయని నా ఫీలింగు, ఎవరైనా కాదంటే కొట్లాడతా.

ఇంకొకటి ఆ బుక్కులోనే. 11వ జిల్లాలో అంతా పొలాలే, పంట పండించేది వాళ్ళే, కానీ కోసేటప్పుడు ఒక్క పండు నోట్లో వేసుకున్నా అందరి ముందర కొరడాతో కొడతారంట. రూ అనే చిన్న పిల్ల ఇది చాలా మామూలుగా చెప్తాది కాట్నిస్‌కి. తర్వాత కథలో ఆ జిల్లావాళ్ళు కాట్నిస్‌కి ఒక రొట్టె పంపిస్తారు, నెలవంక షేపులో, పైన గింజలు చల్లి ఉంటాది. ఆ రొట్టె కొనడానికి వాళ్ళు ఎన్ని రోజులు తినకుండా ఉండి ఉంటారని ఆ పిల్ల ఆలోచిస్తాది చూడండి, నేను ఏడ్చింది అక్కడే. చావు దగ్గర కాదు, రొట్టె దగ్గర. ఆ దేశం పేరు పానెం, లాటిన్లో రొట్టె అని అర్థం, జనాలకి రొట్టె, సర్కస్సు ఇస్తే ఇంకేం అడగరని రోమన్లు అనేవాళ్ళంట, అది మూడో బుక్కులో గానీ చెప్పరు.

సరే, ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు. కొనే ముందు సిరీస్‌లో ఎన్నో బుక్కో చూడండి. నాకు మా మామ హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 120 రూపాయలకి ఇన్సర్జెంట్ తెచ్చిచ్చినాడు, నాకు తెలీదు అది రెండోదని, 60 పేజీలు చదివినా, ఎవరో ఎవర్నో చంపేసినారంట అందుకు హీరోయిన్ తుపాకీ పట్టుకోలేకపోతాంది, ఎవరు చచ్చినారు, ఏంటికి చచ్చినారు, నాకేం తెలీదు, రైటర్‌ని తిట్టుకుంటా చదివినా. కాబట్టి రాసిపెట్టుకోండి. హంగర్ గేమ్స్ 2008, క్యాచింగ్ ఫైర్ 2009, మాకింగ్‌జే 2010, వీటికి ముందు జరిగే కథలు రెండు తర్వాత వచ్చినాయి, 2020లో ఒకటి, 2025లో ఒకటి, అవి ఆఖర్లోనే చదవాల. డైవర్జెంట్ 2011, ఇన్సర్జెంట్ 2012, అలీజియంట్ 2013. మేజ్ రన్నర్ 2009, స్కార్చ్ ట్రయల్స్ 2010, డెత్ క్యూర్ 2011. సైత్ 2016, థండర్‌హెడ్ 2018, ద టోల్ 2019. దాదాపు అన్నీ మూడు మూడు, మూడోది బాగుండేది తక్కువ.

ఇంగ్లీష్ భయం ఉన్నోళ్ళకి. నేను తెలుగు మీడియం నుంచి ఆరో క్లాస్‌లో మారినా, కాబట్టి నాకు తెలుసు. హంగర్ గేమ్స్, డైవర్జెంట్ రెండూ నేను నేను అని హీరోయినే చెప్తాది, అంతా ఇప్పుడు జరుగుతున్నట్టే ఉంటాది, వాక్యాలు చిన్నవి, మన ఇంగ్లీష్ రీడర్లో పాఠాల కంటే ఈజీ. ప్రతి పదానికీ డిక్షనరీ తీయకండి, పేజీకి ఒకటి, అది కూడా అదే పదం మూడోసారి వస్తేనే. పేర్లు మాత్రం బుక్కు ఆఖరి తెల్ల పేజీలో పెన్సిల్‌తో రాసుకోండి, ఎవరు ఎవరికి ఏమవుతారో, మొదటి 30 పేజీల్లోనే 15 పేర్లు వస్తాయి, మన ఊర్లో పెళ్ళికి పోతే బంధువుల్ని పరిచయం చేసినట్టే. మేజ్ రన్నర్‌లో పిల్లోళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడే తిట్లు కొన్ని ఉంటాయి, షక్, క్లంక్ అని, అవి రైటర్ పుట్టించినవి, నేను పిచ్చిదానిలాగా ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో వెతికినా, మీరు వెతక్కండి. మా క్లాస్‌లో మాత్రం వారం రోజులు అందరం అవే తిట్టుకున్నాం, మేడంకి అర్థం కాలేదు కాబట్టి బతికిపోయినాం.

డైవర్జెంట్ గురించి నాకు రెండు మనసులు. చికాగో సిటీ, జనాలందరూ 5 గుంపులు, నిస్వార్థం ఉన్నోళ్ళు ఒకటి, ధైర్యం ఉన్నోళ్ళు ఒకటి, తెలివి ఒకటి, నిజం చెప్పేవాళ్ళు ఒకటి, శాంతంగా ఉండేవాళ్ళు ఒకటి. 16 ఏళ్ళకి ఒక టెస్టు పెట్టి, తర్వాత రోజు అందరి ముందర చెయ్యి కోసుకుని నీకు కావాల్సిన గుంపు గిన్నెలో రక్తం చుక్క వేయాల. వేసినాక అమ్మానాన్నల కంటే గుంపే ముఖ్యం. మనం ఇది చదివితే నవ్వొస్తాది, ఎందుకంటే మనకి కూడా సరిగ్గా 16కే, పదో క్లాస్ రిజల్ట్ వచ్చిన సాయంత్రం, హాల్లో అందరు పెద్దోళ్ళు కూర్చుని, గిన్నెలు రెండే, ఎంపీసీ, బైపీసీ. చిన్నాన్న "సీఈసీ అంటే చదువు రానోళ్ళు తీసుకునేది" అన్నాడు, ఆయన సీఈసీనే, అది మాత్రం ఎవరూ అనలేదు. ఆ బుక్కులో ధైర్యం గుంపులోకి చేరిన కొత్తవాళ్ళకి బోర్డు మీద ర్యాంకులు వేస్తారు, కింద ఉన్నోళ్ళని బయటికి తోలేస్తారు. నేను చేరిన కాలేజ్‌లో కూడా ప్రతి నెలా టెస్టు మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు, మొన్న నా పక్కన కూర్చునే అమ్మాయి 4 మార్కులు తగ్గి కింది సెక్షన్‌కి పోయింది, పొద్దున టిఫిన్ బాక్స్ కూడా నా బ్యాగులోనే ఉండిపోయింది ఆమెది, ఇంటర్వెల్‌లో పోయి ఇస్తే ఏం మాట్లాడలేదు.

మరి రెండో మనసు ఏందంటే, ఆ బుక్కులో ఏ గుంపులోనూ లేనివాళ్ళు ఉంటారు, చెత్త ఎత్తేది, బస్సులు నడిపేది, బట్టలు నేసేది అంతా వాళ్ళే, జీతం లేదు, తిండీ బట్టా ఇస్తారు అదీ చాలదు. నా పరీక్ష ప్రకారం కథ ఉన్నది అక్కడ. కానీ బుక్కు వాళ్ళ పక్కనుంచి ట్రైన్‌లో స్పీడుగా పోతాది, ఎక్కేది దూకేది, మళ్ళీ ఎక్కేది. రెండో బుక్కులో కొంచెం దగ్గరికి పోతాది లెండి. శాంతం గుంపువాళ్ళు రొట్టెలో మందు కలుపుకుని తింటారు, అందుకే ఎప్పుడూ నవ్వుతుంటారు, అది కూడా రెండో బుక్కులోనే, నాకు చాలా నచ్చింది. మొత్తం మీద చదవండి, కానీ మూడోది ఏడిపిస్తాది, ఎట్లనో చెప్పను. ఇంట్లోవాళ్ళకి ఒక మాట చెప్పొచ్చు, వెరోనికా రాత్ ఇది రాసినప్పుడు ఇంకా యూనివర్సిటీలో చదువుతాంది. మా అమ్మకి చెప్తే "ఆమెకి రాయడం వచ్చు, నీకు కెమిస్ట్రీ వచ్చా" అనింది, కాబట్టి ఎంతవరకు పని చేస్తాదో తెలీదు.

మేజ్ రన్నర్, మొదటి 100 పేజీలకి నేను 10కి 9 ఇస్తా. జ్ఞాపకం లేకుండా ఒక పిల్లోడు లిఫ్టులో తేలతాడు, చుట్టూ పెద్ద పెద్ద గోడలు, అందరూ మగపిల్లోళ్ళే, వాళ్ళే పొలం చేసుకుంటారు, జంతువుల్ని కోస్తారు, వంట చేసే పిల్లోడి పేరు ఫ్రైపాన్. నెలకి ఒక కొత్త పిల్లోడు, వారానికి ఒకసారి సామాన్లు లిఫ్టులో వస్తాయి. తిండి పరీక్ష పాస్. కానీ ఆ సామాన్లు ఎవరు పంపుతున్నారు, ఏంటికి పంపుతున్నారు అన్నదానికి జవాబు కోసం మూడు బుక్కులు తిప్పుతాడు, తీరా చెప్పినాక ఇంతేనా అనిపించింది నాకు. మా తమ్ముడికి మాత్రం ఇదే ఫేవరెట్, పరిగెత్తేది ఎక్కువ ఉంది కాబట్టి.

ప్రేమ గోల. దాదాపు అన్నిట్లో ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, ఒకడు చిన్నప్పట్నుంచి తెలిసినోడు, ఇంకోడు కొత్తోడు. ఊరు తగలబడతాంటే వీళ్ళు ఎవరికి ముద్దు పెట్టాలా అని ఆలోచిస్తుంటారు. ఆ పేజీలు స్పీడుగా తిప్పేయండి, ఏం మిస్సవ్వరు. హంగర్ గేమ్స్‌లో మాత్రం తిప్పకండి, అక్కడ ప్రేమ కూడా తిండికే, ప్రేమించుకున్నట్టు కెమెరా ముందు నటిస్తే పైనుంచి డబ్బున్నోళ్ళు పులుసు పంపిస్తారు, నటన ఎంత బాగుంటే అంత మంచి గిన్నె. ఇక సెలెక్షన్ అని ఒకటుంది, 2012ది, దాన్ని డిస్టోపియా అంటారు గానీ నా దృష్టిలో అది 35 మంది అమ్మాయిలతో పెళ్ళిచూపులు. అందులో జనాలకి కులాలు ఉంటాయి, ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు, హీరోయిన్ ఐదు. నాకు ఇక్కడే కోపం. కులం అంటే ఉత్త నంబర్ లాగా, ఈ నంబర్‌కి ఈ పని, పెళ్ళయితే మొగుడి నంబర్ వస్తాది, అంతే. మన ఊర్లో టీ గ్లాసు దగ్గర, బావి దగ్గర, ఎవరింట్లో ఎవరు ఎంతదాకా రావచ్చు అన్నదాని దగ్గర కులం అంటే ఏందో చూసినోళ్ళకి ఆ బుక్కు చాలా తేలిగ్గా అనిపిస్తాది. గౌన్ల గురించి మాత్రం బాగా రాసింది, అది ఒప్పుకోవాల.

మొదటిసారి చదివేవాళ్ళు దేనితో స్టార్ట్ చేయాలంటే నేను ద గివర్ అంటా. లోయిస్ లౌరీ, 1993, చిన్న బుక్కు, 200 పేజీల లోపే, ఇంగ్లీష్ చాలా తేట. చంపుకోవడాలు, పరుగులు ఏమీ ఉండవు, అందుకే కొంతమందికి బోరు కొడతాది మొదట్లో, 60 పేజీలు ఓపిక పట్టండి. అక్కడ ఎవరికీ ఆకలి లేదు, తిండి ఇంటికే వస్తాది, మిగిలింది తీసుకుపోతారు, అందరికీ సమానం, బాధ లేదు. మరి పరీక్ష ఫెయిలా అంటే కాదు, ఒక ఆపిల్ ఉంటాది. జోనాస్ అనే పిల్లోడు ఫ్రెండుతో ఆపిల్ ఎగరేసి పట్టుకునే ఆట ఆడతాంటాడు, గాల్లో ఉన్నప్పుడు ఆ ఆపిల్ ఒక్క క్షణం మారినట్టు అనిపిస్తాది, ఏం మారిందో వాడికి చెప్పడానికి మాట లేదు. ఆ ఆపిల్‌ని ఇంటికి తీసుకుపోతాడు, భూతద్దం కింద పెట్టి చూస్తాడు, ఏం లేదు. తర్వాత మైకులో ఊరందరికీ వినబడేలా చెప్తారు, తినేవి తినడానికే గాని దాచుకోవడానికి కాదు అని, పేరు చెప్పరు, కానీ ఎవరికి చెప్పినారో వాడికి తెలుసు. ఏం మారిందో చాలా పేజీల తర్వాత తెలుస్తాది, నేను ఆ పేజీ దగ్గర బుక్కు మూసి కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నా. ఎండింగ్ అర్థం కాకపోతే కంగారు పడకండి, అది అట్లనే రాసింది, బతికినాడా లేదా అని నేను, నా ఫ్రెండు ఇప్పటికీ తేల్చుకోలేదు.

పరీక్ష సరిపోని బుక్కులు ఉన్నాయన్నా కదా, సైత్ అట్లాంటిది. రోగం లేదు, ముసలితనం పోగొట్టుకోవచ్చు, చావు లేదు, ఒక కంప్యూటర్ అన్నీ చూసుకుంటాది. జనాలు ఎక్కువైపోకుండా కొంతమందిని చంపే పని కొంతమంది మనుషులకి ఇస్తారు, వాళ్ళే సైత్‌లు. ఇక్కడ ఏం తింటారు అని అడిగితే అందరూ అన్నీ తింటారు. కానీ మొదటి చాప్టర్ చూడండి. సైత్ ఒకాయన సిట్రా అనే పిల్ల ఇంటి తలుపు కొడతాడు. ఎవరికోసం వచ్చినాడో చెప్పడు. ఆకలిగా ఉందంటాడు. అమ్మ వడ్డిస్తాది, అందరూ ఆయనతో పాటు కూర్చుని తింటారు, ఉన్నదాంట్లో మంచిది ఆయనకే, నీళ్ళు కావాలా, ఇంకొంచెం వేసుకోండి, ఇట్ల, లోపల మాత్రం మనలో ఎవరు అని వణుకు. తిన్నాక ఆయన లేచి పక్కింటావిడ కోసం వచ్చినా అంటాడు. యముడొస్తే కూడా అన్నం పెట్టే మనింటి లాగానే ఉంది అనుకున్నా. జేజికి ఈ సీను చెప్తే "పెట్టక ఏం చేస్తాది, ఇంటికొచ్చినోడు" అనింది.

సినిమాలు ముందు చూడాలా తర్వాత చూడాలా అని అందరూ అడుగుతారు. మేజ్ రన్నర్ ముందు చూసినా నష్టం లేదు. హంగర్ గేమ్స్ మాత్రం బుక్కు ముందు, ఎందుకంటే సినిమాలో ఆ పిల్ల మనసులో వేసే లెక్కలు వినబడవు, ఆ దేశం రాజధాని క్యాపిటల్‌లో ఆరెంజ్ సాసు వేసిన చికెన్ ముందర పెట్టుకుని ఇదే ఇంట్లో చేయాలంటే నాకెన్ని రోజులు పడతాది, చికెన్ బదులు అడవికోడి, క్రీము బదులు మేకపాలు అని ఆలోచించేది తెర మీద ఎట్ల చూపిస్తారు? డైవర్జెంట్ సినిమాల మీదే ఆధారపడితే కథ మధ్యలో వదిలేసినట్టే, 2016లో మూడో సినిమా ఆడలేదు, ఆఖరిది తీయనే లేదు.

ఇవన్నీ అయిపోయినాక ఇంకా కావాలంటే పెద్దోళ్ళ బుక్కులు రెండున్నాయి, రెండూ జార్జ్ ఆర్వెల్‌వే, ఆయన పుట్టింది మన బీహార్‌లో మోతిహారిలో, 1903లో. యానిమల్ ఫామ్ 1945ది, వంద పేజీలే, జంతువులు రైతుని తరిమేసి సొంతంగా పొలం నడుపుకుంటాయి, మొదట మోసం ఎక్కడ మొదలవుతాదంటే పాల బకెట్ల దగ్గర, ఆవులు పితికిన పాలు సాయంత్రానికి కనపడవు, పందులు వాళ్ళ కుడితిలో కలుపుకున్నాయని తర్వాత తెలుస్తాది. ఇంక 1984, అది 1949లో వచ్చింది, బరువైంది, మధ్యలో హీరో ఒక బుక్కు చదువుతాడు, ఆ బుక్కులో పేజీలు పేజీలు మనకి కూడా చదివిస్తాడు, మొదటిసారికి దాన్ని దాటేయండి, నేను దాటేసినా. కానీ చాక్లెట్ రేషన్ ముక్క మాత్రం వదలకండి. వారానికి 30 గ్రాములున్న చాక్లెట్‌ని 20కి తగ్గిస్తామని ప్రకటిస్తారు. మరుసటి రోజే, 20కి పెంచినందుకు జనాలు ఊరేగింపు తీసి థ్యాంక్స్ చెప్తున్నారని వార్త వస్తాది. క్యాంటీన్లో పక్కనోళ్ళు అందరూ నమ్మేస్తారు, నిన్నటి మాటే, ఒక్కరికీ గుర్తు లేదు. మా రేషన్ షాపు దగ్గర లైన్లో నిలబడి ఇది చదివినా నేను, తూకం వేసేటప్పుడు కాటా వైపు ఆ రోజు చూసినంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో చదివే టైము ఎట్ల దొరకబుచ్చుకోవాలంటే, పీడీఎఫ్ ఫోన్‌లో వద్దు, అమ్మకి అది రీల్స్ లాగానే కనిపిస్తాది, పేపర్ బుక్కు అయితే కనీసం చదువుతాంది అనుకుంటారు. కెమిస్ట్రీ రికార్డు మధ్యలో పెట్టుకునే ప్లాను పని చేయదు, మందం తెలిసిపోతాది, నాకు తెలిసిపోయింది. "ఇంత లావు బుక్కు మూడు రోజుల్లో మింగుతావే, ఆ టెక్స్ట్ బుక్కు ఏం పాపం చేసింది" అని ఒక గంట. జిల్లా గ్రంథాలయంలో ఇంగ్లీష్ బీరువా అడిగి తీయించుకోండి, తీయకపోతే మళ్ళీ అడగండి, కొత్తవి తక్కువ గానీ ఆర్వెల్ దొరుకుతాడు. లేదంటే నలుగురు ఫ్రెండ్స్ తలా ఒక బుక్కు కొనుక్కుని మార్చుకోండి, మేం అట్లనే చేస్తాం, రూలు ఒకటే, ఎండింగ్ చెప్పినోళ్ళు అందరికీ ఉగ్గాని బజ్జీ తినిపించాల, రాజ్ విహార్ దగ్గర బండి మీద. మా గుంపులో ఒకామెకి ఇప్పటికి మూడుసార్లు బిల్లు పడింది, అలీజియంట్ ఒక్కదానికే రెండుసార్లు.

మాకింగ్‌జే మాత్రం పరీక్షల ముందు వారం స్టార్ట్ చేయకండి. నేను చేసినా, ఫిజిక్స్ యూనిట్ టెస్టు పొద్దున, రాత్రి రెండింటికి కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ గురించి చదివి దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తాంటే జేజి లేచి ఎవరు పోయినారు పాపా అని భయపడిపోయింది, బుక్కులో పిల్ల జేజీ అంటే కాసేపు తిట్టి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది.